గార్డు జేబులో చాకు



మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఒక ఐటీ కంపెనీ గేటు దాటడం ఎంత పనో మీకు తెలిసిందే. మెడలో కార్డు చూపించాలి. సంచి యంత్రంలోంచి వెళ్ళాలి. కారైతే డిక్కీ తెరవాలి, కింద అద్దం పెట్టి చూస్తారు. అన్నం డబ్బాతో పాటు పండ్లు కోసుకునే చాకు తెచ్చుకున్న ఉద్యోగిని ఆపి, ‘ఇది ఇక్కడ పెట్టి వెళ్ళండి మేడమ్, సాయంత్రం తీసుకుందురు’ అంటారు. అలా ఆపేది గార్డు. మరి ఆ గార్డు జేబులో ఎలాంటి చాకు ఉండాలి? అసలు ఉండాలా? ఈ పూట మన మాటలు దాని గురించే.

1998 నవంబరు 22న సైబర్ టవర్స్ మొదలైంది. అప్పట్లో దాని చుట్టూ రాళ్ళూ రప్పలే. ఇప్పుడు అక్కడి నుంచి రాయదుర్గం, నానక్‌రాంగూడ దాకా అద్దాల మేడలే. ప్రతి మేడకూ గేట్లు, ప్రతి గేటుకూ మూడు షిఫ్టులు. ఆ షిఫ్టుల్లో నిలబడేవాళ్ళు పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బీహార్, అస్సాం నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ పని షిఫ్టంతా దొంగలతో తలపడడం కాదు. కొరియర్ పెట్టెలు దించుకోవాలి. ఫ్లెక్సీలకు కట్టిన ప్లాస్టిక్ ట్యాగులు తెంపాలి. జనరేటర్ గది దగ్గర తాళ్ళు, గోనెలు విప్పాలి. వాన పడి టార్పాలిన్ చిక్కుకుంటే కోయాలి. గేటు ముందు బండి బోల్తా పడితే అందరికంటే ముందు పరుగెత్తాలి. వీటిలో సగం పనులకు చిన్న చాకు కావాలి. అది నిజం. ఒప్పుకుందాం.

కానీ దుకాణానికో ఆన్‌లైన్‌కో వెళ్ళి చాకు చూస్తే, అక్కడ అమ్మేది వేరే వస్తువు. నల్ల రంగు, పంజా లాంటి వంపు, వీపు మీద రంపపు పళ్ళు, పేరులో ‘టాక్టికల్’ అనో ‘కమాండో’ అనో ఒక మాట. రాత్రి షిఫ్టులో కొత్తగా చేరిన కుర్రాడు అలాంటిదొకటి తెప్పించుకుంటాడు. సూపర్‌వైజర్ కంట పడుతుంది. ఆ తర్వాత మాటలు దాదాపు ప్రతి గేటు దగ్గరా ఒకేలా ఉంటాయి.

‘అన్నా, ఆన్‌లైన్ల తెప్పిచ్చిన. బటన్ నొక్కితే సర్రున తెరుసుకుంటది.’

‘మంచిగనే ఉంది గని, దీంతోని ఏం కోస్తవ్ రా?’

‘కోసేటందుకు కాదన్నా. రాత్రిపూట ధైర్యానికి.’

‘ధైర్యానికి వాకీటాకీ ఇచ్చినం గదరా!’

చాకు ఎంపిక మొత్తం ఆ సూపర్‌వైజర్ అడిగిన ప్రశ్నలోనే ఉంది. దీంతో ఏం కోస్తావు? ఆ ప్రశ్నకు వెంటనే, తడుముకోకుండా జవాబు వచ్చే చాకే సరైన చాకు. ‘పెట్టెల టేపు కోస్తాను, తాడు కోస్తాను, ట్యాగు తెంపుతాను’ అంటే అది పనిముట్టు. ‘దగ్గర ఉంటే మంచిది’ అని మాత్రమే చెప్పగలిగితే అది ఆయుధం. చట్టం అడిగేదీ ఇంచుమించు ఇదే ప్రశ్న.

ఆ చట్టం సంగతి కొంచెం నెమ్మదిగా చెప్పుకుందాం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, దాడికో రక్షణకో ఆయుధంగా తయారుచేసిందీ, ఆయుధంగా మలిచిందీ ఏదైనా ఆయుధమే. కేవలం ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి అందులోకి రావు. గమనించండి, ‘రక్షణకు’ అన్నా ఆయుధమే అవుతుంది. ఆత్మరక్షణ కోసం పెట్టుకున్నానండీ అనే మాట మనల్ని కాపాడదు సరికదా, ఆ వస్తువును పనిముట్ల వరుసలోంచి తీసి ఆయుధాల వరుసలో నిలబెడుతుంది. 2016 ఆయుధాల నియమాలు 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులను ప్రత్యేకంగా ఒక తరగతిలో పెట్టాయి. ఇంటి పనికి, సేద్యానికి, శాస్త్ర పరిశోధనకు, పరిశ్రమలకు చేసినవి అందులో మినహాయింపు. ఇది విని, అయితే ఎనిమిది అంగుళాలది పెట్టుకోవచ్చా అని అడిగేవాళ్ళు ఉంటారు. దయచేసి అలా లెక్క వేయకండి. పండగ ఊరేగింపులప్పుడూ ఎన్నికలప్పుడూ కత్తులూ కర్రలూ పట్టుకు తిరగొద్దని పోలీసు కమిషనర్లు ఉత్తర్వులు ఇస్తుంటారు. పైగా మీరు పనిచేసే ఆవరణకు సొంత నియమాలు ఉంటాయి.

వేరే చోట్ల ఏం చేశారో చూస్తే ఒక అంచనా దొరుకుతుంది. ఢిల్లీలో 1980 నాటి ప్రకటన ఒకటి ఉంది. స్ప్రింగుతో, బటన్‌తో తెరుచుకునే చాకుల్లో బ్లేడు 7.62 సెంటీమీటర్లూ ఆపైన పొడవు, 1.72 సెంటీమీటర్లూ ఆపైన వెడల్పు ఉంటే వాటిని కట్టడి చేసింది. 7.62 సెంటీమీటర్లంటే సరిగ్గా మూడంగుళాలు. బ్రిటన్‌లోనూ, కారణం చెప్పకుండా బయట తిరగడానికి అనుమతి ఉన్న మడత చాకుకు హద్దు మూడంగుళాలే. అది కూడా లాక్ లేని చాకుకు మాత్రమే. లండన్‌లో, బర్మింగ్‌హామ్‌లో మన పిల్లలున్నవాళ్ళు ఈ మాట వాళ్ళ చెవిన వేయండి. ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన లాక్ చాకు అక్కడి వీధిలో కేసవుతుంది. ఢిల్లీ ప్రకటన ఢిల్లీకే, బ్రిటన్ చట్టం బ్రిటన్‌కే. అయినా పోలీసు చూపు ముందు దేని మీద పడుతుందో ఈ రెండూ చెబుతున్నాయి. ఒకటి పొడవు, రెండు బటన్. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ చాకు కథ కూడా అంతే. ఒకప్పుడు హిందీ సినిమాల్లో విలన్ చేతిలో కటకటమంటూ తెరుచుకున్నది అదే. 1990ల్లో అక్కడి ప్రభుత్వం పొడవు మీద ఆంక్ష పెట్టాక ఆ వృత్తే సన్నగిల్లిపోయింది. 2023లో ఆ ఊరి కూడలిలో ఆరు మీటర్లకు పైగా ఎత్తున్న చాకు బొమ్మ నిలబెట్టారు. చాకు జేబులోంచి కూడలికి ఎక్కింది!

ఇక ఎంపికకు వద్దాం. పొడవు తేలిపోయింది. మూడంగుళాల లోపు చాలు. పెట్టె టేపుకు అంగుళం చాలు, తాడుకు రెండంగుళాలు చాలు. రెండున్నర అంగుళాల బ్లేడు చేయలేని పని గేటు దగ్గర మీకు దొరకదు.

రెండోది, తెరిచే తీరు. బటన్ వద్దు, స్ప్రింగు వద్దు, గాలిలో తిప్పి తెరిచే రెక్కల చాకు అసలే వద్దు. బ్లేడుకున్న గాడిలో గోరు పెట్టి లాగేదో, బొటనవేలితో నెట్టి తెరిచేదో తీసుకోండి. నెమ్మదిగా తెరుచుకునే చాకును చూసి పక్కవాడు ఉలిక్కిపడడు. కార్పొరేట్ లాబీలో ఇది చిన్న విషయం కాదు.

మూడోది, లాక్. మడత చాకు వల్ల వచ్చే గాయాల్లో ముఖ్యమైనది, పని మధ్యలో బ్లేడు వెనక్కి మడుచుకుని వేళ్ళ మీద పడడం. పాతకాలం చాకులకు పిడి వీపున ఒక స్ప్రింగు పట్టీ మాత్రమే ఉంటుంది. బ్లేడును అది బిగించి ఉంచుతుందే కానీ తాళం వేయదు. టేపు, పండు, దారం వరకైతే అది చాలు. తాడు, దళసరి అట్ట, గొట్టం కోసేవాళ్ళకు లాక్ ఉండాలి. వీపు మీద నొక్కితే విడిచే లాక్ ఒక రకం. పిడి లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడు మడమకు అడ్డం నిలిచే లాక్ ఇంకో రకం. ఫ్రాన్స్‌లో ఓపినెల్ చాకుకైతే 1955 నుంచి మెడ దగ్గర ఒక ఉంగరం ఉంది. దాన్ని తిప్పితే బ్లేడు కదలదు. ఏ రకమైనా కొనే ముందు దుకాణంలోనే తెరిచి, బ్లేడును అటూ ఇటూ ఊపి చూడండి. వేళ్ళు బ్లేడు దారిలో లేకుండా పట్టుకుని, బ్లేడు వీపును చెక్క మీద మెల్లగా తట్టండి. లాక్ జారితే అక్కడే వదిలేసి రండి. బేగంబజార్‌లోనో రాణిగంజ్‌లోనో కొంటే ఈ సౌకర్యం ఉంటుంది. ఫోన్‌లో బొమ్మ చూసి కొంటే ఉండదు.

నాలుగోది మొన. గార్డుకు సూదిలాంటి మొన అక్కర్లేదు. నేరుగా సాగిన అంచు, కిందికి వంగిన వీపు, మొద్దు కొస ఉన్న బ్లేడు ఒకటి ఉంటుంది. ఓడల మీద తాళ్ళు కోసే నావికులు ఆ ఆకారాన్నే వాడారు. ఊగే ఓడలో జారినా పక్కవాడికి గుచ్చుకోకూడదు కదా. జనం గుమిగూడిన చోట పనిచేసే మనిషికీ అదే తర్కం. మొన లేని చాకును చూసి ఎవరూ దాన్ని పొడిచే ఆయుధం అనుకోరు. అనుకున్నా వాదనకు నిలబడదు.

ఐదోది ఉక్కు. ఉక్కు అనగానే తెలంగాణవాళ్ళకు కొంచెం గర్వం ఉండొచ్చు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు ముద్దలు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్ళి కత్తులయ్యాయి. 19వ శతాబ్దం మొదట్లో అక్కడికి వెళ్ళిన డాక్టర్ వాయ్సీ, ఆ ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారిని ఆ పల్లెలోనే చూశానని రాశాడు. అంత గొప్ప ఉక్కూ తడి తగిలితే తుప్పు పట్టేదే. మన గార్డుకు జులై, ఆగస్టు వానల్లో చెమటా తడీ కలిసిన జేబులో బతికే ఉక్కు కావాలి. క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటే దాన్ని స్టెయిన్‌లెస్ అంటారు. కార్బన్ ఎక్కువైతే పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, కానీ సాన పట్టడం కష్టం. డీ2 అని రాసి ఉన్న చాకు పదును బాగా నిలుపుతుంది, పట్టించుకోకపోతే మచ్చలు పడుతుంది. మరీ గట్టిది కాని మామూలు స్టెయిన్‌లెస్ త్వరగా మొద్దుబారుతుంది, ఐదు నిమిషాల్లో మళ్ళీ పదునెక్కుతుంది. గార్డు గదిలో ఖరీదైన సానరాళ్ళు ఉండవు కాబట్టి నా ఓటు రెండోదానికే. ఆరోది పిడి. తడి చేతికి జారనిది, కంటికి కొట్టొచ్చినట్టు ఎర్రటిదో పసుపుదో అయితే మరీ మంచిది. నల్ల చాకు చీకట్లో పడితే దొరకదు, జనానికి భయం కూడా.

రంగు చాకు పెట్టుకుంటే గార్డు దర్పం తగ్గిపోతుందేమో అని కొందరికి సందేహం. స్విట్జర్లాండ్ సైన్యం కథ వినండి. 1891లో కార్ల్ ఎల్సెనర్ అనే పనివాడు ఆ దేశ సైనికులకు చాకులు చేసి ఇచ్చాడు. అందులో ఏమున్నాయి? ఒక బ్లేడు, డబ్బా మూత తెరిచే పనిముట్టు, తోలుకు రంధ్రం చేసే సూది, తుపాకీ విప్పడానికి స్క్రూడ్రైవర్. శత్రువుతో పోరాడటానికి తుపాకీ ఉంది. చాకు మాత్రం తిండికీ మరమ్మతుకూ ఇచ్చారు. 1897లో అధికారుల కోసం చేసిన దాని తమ్ముడే ఇవాళ ప్రపంచమంతా తెలిసిన ఎర్ర చాకు. యుద్ధానికి వెళ్ళే సైనికుడికే చాకు పనిముట్టయినప్పుడు, ఫుడ్ కోర్టు పక్కన నిలబడే గార్డుకు అది ఇంకేమవుతుంది?

నిజానికి కొన్ని పనులకు చాకు కంటే మెరుగైన వస్తువులు ఉన్నాయి. సంక్రాంతి వస్తే మన ఫ్లైఓవర్ల మీద చైనా మాంజా వేలాడుతుంది. 2017 జులైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. అయినా 2024 జనవరిలో మన నగరంలోనే, బైకు మీద వెళ్తున్న ఒక సైనికుడి గొంతు కోసి ప్రాణం తీసింది. అలాంటి దారం ఎవరి మెడకో, ఏ పావురం రెక్కకో చుట్టుకుంటే చర్మం పక్కన చాకు పెట్టి కోయకూడదు. మొద్దు కొసల కత్తెర కావాలి, లేదా లోపలి వంపులో మాత్రమే పదునుండే కొక్కెం లాంటి కట్టర్ కావాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రమాదం జరిగి సీటు బెల్టు బిగుసుకుపోతే పనికొచ్చేదీ ఆ కొక్కెమే. దాని కొసన అద్దం పగలగొట్టే గట్టి మొన కూడా ఉంటుంది. దాంతో ముందు అద్దం మీద కొట్టకండి. అది రెండు పొరల అద్దం, చిట్లుతుంది కానీ రాలదు. పక్క అద్దాన్ని మూల దగ్గర కొట్టాలి. ఐదొందల పెట్టెలు దించే రోజున ఇక చాకు ఎందుకు? బ్లేడు దానంతట అదే వెనక్కి వెళ్ళిపోయే పెట్టెల కట్టర్ చేతికివ్వండి. అలాంటి కట్టర్, కత్తెర, కొక్కెం, ఈ మూడూ ఉన్న గేటులో చాకు అవసరం చాలావరకు తగ్గిపోతుంది.

సంరక్షణ గురించి రెండే మాటలు. టేపు జిగురు బ్లేడుకు పట్టుకుంటే స్పిరిట్ గుడ్డతో తుడవండి. మడత దగ్గర కొబ్బరినూనె వేయొద్దు, కొన్నాళ్ళకు జిడ్డుగట్టి బిగుసుకుంటుంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు. మొద్దు చాకు ఎక్కువ బలం అడుగుతుంది, ఎక్కువ బలం చేయి జారేలా చేస్తుంది. కాబట్టి పదును కూడా భద్రతే.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. రాత్రి రెండు గంటలకు తాగొచ్చినవాడు గేటు దగ్గర గొడవపడితే? చేతిలో చాకు ఉండాలి కదా అంటారు. ఒక్కసారి ఆలోచించండి. మడత చాకు జేబులోంచి తీయాలి, తెరవాలి, ఆ లోపు అవతలివాడు మీద పడతాడు. తెరిచారే అనుకోండి, తోపులాటలో అది ఎవరి చేతికి పోతుందో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత చట్టం ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఆత్మరక్షణ హక్కును ఇచ్చింది. హద్దులూ పెట్టింది. అవసరానికి మించి హాని చేయకూడదు. పోలీసుల సాయం కోరే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు వర్తించదు. కోసే, పొడిచే సాధనంతో గాయం చేస్తే అది ఉత్త చేతి దెబ్బ కంటే పెద్ద నేరం. నలువైపులా కెమెరాలు, చేతిలో వాకీటాకీ, ఫోన్లో 100, 112 ఉన్న మనిషి, సాయం పిలిచే వ్యవధి లేకపోయిందని నిరూపించడం తేలిక కాదు.

గార్డును కాపాడేవి వేరే ఉన్నాయి. కళ్ళు బైర్లు కమ్మించే మంచి టార్చి. నాలుగు వీధులకు వినిపించే ఈల. గేటు మూసి అవతలి పక్కన నిలబడే తెలివి. గొంతు పెంచకుండా మాట్లాడే నేర్పు. 2005 ప్రైవేటు భద్రతా సంస్థల చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలు గార్డుకు 100 గంటల తరగతి పాఠాలు, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలన్నాయి. ఆ పాఠాల్లో జనాన్ని అదుపు చేయడం, మంటలార్పడం, ప్రథమ చికిత్స, ఆత్మరక్షణ హక్కు, ఆయుధాల చట్టం ముఖ్యాంశాలు ఉన్నాయి. కుర్రాడు ధైర్యం కోసం బటన్ చాకు తెప్పించుకున్నాడంటే, ఆ 160 గంటల్లో ఏదో ఒకటి అతనికి అందలేదని అర్థం. అతన్ని తిట్టే ముందు అది చూసుకోవాలి.

అందుకే నా చివరి మాట గార్డులకు కాదు, వాళ్ళను పెట్టుకున్న కంపెనీలకూ ఏజెన్సీలకూ. ఉద్యోగి పండ్ల చాకును గేటు దగ్గర ఆపే నియమం రాసుకున్నారు, బాగుంది. గార్డు పెట్టెలు దేంతో తెరవాలో కూడా రాయండి. కట్టర్, కత్తెర, కొక్కెం, అవసరమైతే మూడంగుళాల లోపు రంగు పిడి చాకు, మీరే కొని ఇవ్వండి. నంబరు వేసి రిజిస్టర్లో ఎక్కించండి. షిఫ్టు మొదట్లో సంతకం పెట్టి తీసుకోవాలి, చివర్లో తిరిగి అప్పగించాలి. ఆ చాకు ఇంటికి వెళ్ళదు, మెట్రోలో యంత్రం ముందుకు రాదు, ఊరేగింపు నడుమ జేబులో ఉండదు. పోలీసు వచ్చి అడిగితే గార్డు తడుముకోనక్కర్లేదు, రిజిస్టరు తెరిచి చూపిస్తాడు. గార్డు సొంత డబ్బుతో, సొంత భయంతో చాకు కొనుక్కున్నప్పుడు, ఏదైనా జరిగితే కేసు అతని ఒక్కడి మీదే పడుతుంది. పని మీది కాబట్టి పనిముట్టూ మీదే కావాలి. జవాబుదారీ కూడా మీదే.